తాడు కట్టిన నరసింహుడు



రెండేళ్లకోసారి చైత్రమాసంలో బరంపురం వీధుల్లో పులులు తిరుగుతాయి. ఒక పులి టీ కొట్టు ముందు నిలబడి గ్లాసులో టీ ఊదుకుంటూ తాగుతుంటుంది. ఇంకో పులి ఆటోలో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుని ఏదో సందులోకి పోతుంటుంది, తోక బయటికి వేలాడుతూ. ఒళ్లంతా పచ్చరంగు, దాని మీద నల్లచారలు, నెత్తిమీదికి నెట్టుకున్న ముసుగు. కొత్తగా వచ్చినవాళ్లు ఫోన్లు తీస్తారు. ఊరివాళ్లు పక్కకు తప్పుకుని దారిస్తారు. డోలు మోగగానే టీ తాగుతున్న మనిషి ముసుగు కిందికి లాక్కుంటాడు. ఆ తర్వాత అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లుండరు.

జానపదంలోని వింతజీవుల గురించి మాట్లాడమన్నప్పుడు సాధారణంగా మనం పాత కథల దగ్గరికి పోతాం. మర్రిచెట్టు మీద బ్రహ్మరాక్షసుడు, చెరువుగట్టున కొరివిదెయ్యం, అమ్మమ్మ చెప్పిన రాకాసి. నేను బరంపురం ఉన్న గంజాం జిల్లాను ఎంచుకోవడానికి కారణం వేరు. అక్కడ వింతజీవులు కథల్లో ఉన్నంతగా వీధుల్లోనూ ఉన్నాయి. వాటికి ఒక నెల, ఒక వీధి, ఒక కులపెద్ద, ఒక మొక్కు, కొన్ని పనులు అప్పజెప్పి ఉన్నాయి. పైగా ఆ జిల్లా మనకు పరాయిది కాదు. ఇచ్ఛాపురం దాటితే గంటలోపే బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు గంజాం జిల్లాలో పెద్దభాగం అటు వెళ్లింది, శ్రీకాకుళం వైపు తాలూకాలు ఇటు మిగిలాయి. అప్పుడు గీసిన గీత మనుషుల మధ్య గీత. దయ్యాలకు, దేవతలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ పులుల కథ ముందు చెప్తాను. బరంపురం గ్రామదేవత బుఢీ ఠాకురాణి, అంటే పెద్దమ్మవారు. రెండేళ్లకోసారి ఆమె గుడి వదిలి పుట్టింటికి వస్తుంది. పుట్టిల్లు దేశీబెహరా వీధి. దేశీబెహరా అంటే అక్కడి దేరా నేతకులానికి పెద్ద. అమ్మవారు ఆయన ఇంటి ఆడపడుచు. పట్టుచీరలు నేసే ఈ దేరావాళ్లను మహురి రాజులు రాజమహేంద్రవరం వైపు నుంచి పిలిపించుకున్నారనీ, వాళ్లతోపాటే అమ్మవారూ వచ్చిందనీ అక్కడ చెప్పుకుంటారు. ఇప్పటికీ బరంపురం పట్టుకు పేరుంది, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆడపడుచు ఇంటికొస్తే ఎలా ఉంటుందో మనకు తెలిసిందే. దాదాపు నెల రోజులు ఆ వీధిలో తాత్కాలికంగా కట్టిన గుడిలో ఉంటుంది. రాత్రిపూట ఆడవాళ్లు ఘటాలు నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరుగుతారు. ఊరంతా పసుపునీళ్లు, కొబ్బరికాయలు.

ఆ నెల రోజులూ మొక్కు తీర్చుకునేవాళ్లు వేషాలు కడతారు. బిడ్డకు జబ్బు చేసి తగ్గినందుకో, ఆగిపోయిన పెళ్లి జరిగినందుకో, కోర్టు వ్యవహారం తేలినందుకో. శివుడు, కాళి, నారదుడు, గుర్రం, ఎద్దుముఖం, ఎవరి మొక్కు వాళ్లది. అన్నిటికంటే కష్టమైంది పులి. ఒంటి మీద వెంట్రుకలు తీయించుకోవాలి. చేతులు పక్కలకు తగలకుండా చాపి గంటలకొద్దీ నిలబడాలి, రంగు ఆరేదాకా. ముందు పచ్చరంగు పూత, అది ఆరాక తెల్లగా పొట్ట, ఆ తర్వాత నడుం నుంచి మొదలుపెట్టి నల్లచారలు. చార వేసేవాడి చేయి వణికితే పులి పిల్లి అయిపోతుందని వాళ్ల వేళాకోళం. చైత్రమాసపు ఎండలో ఆ పూత కింద చర్మం ఊపిరాడక మంటపుడుతుంది. అలా రోజంతా డోలు వెంట ఎగిరి, పల్టీకొట్టి, చివరికి అమ్మవారి ముందు సాగిలపడాలి.

తిరుపతి గంగమ్మ జాతర చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. అక్కడా బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ రోజుకొక వేషం కడతారు, మగవాళ్లు చీరలు కడతారు. తేడా ఏమిటంటే తిరుపతిలో వేషానికి వెనక అమ్మవారి కథ ఉంది, పాలెగాణ్ణి వెతుక్కుంటూ ఆమె వేసిన మారువేషాలవి. బరంపురం పులికి అలాంటి కథ నాకు ఎక్కడా కనబడలేదు. మొక్కుకున్నాడు, పులయ్యాడు, తీర్చాడు, కడుక్కున్నాడు. నాకు ఈ పొదుపు నచ్చుతుంది.

వేషాలతోపాటు వీధుల్లో రథాలని పిలిచే అలంకారాలు నిలబెడతారు. పురాణంలోని ఏదో ఒక ఘట్టం, మనిషికంటే పెద్ద మట్టిబొమ్మలతో. ఆకాశంలో విమానం, ఏనుగు మీద ఇంద్రుడు, మంటల్లోంచి లేస్తున్న దేవత. వాటిని తలుచుకున్నప్పుడల్లా నాకు జవుగడ కొండ గుర్తొస్తుంది.

జవుగడ బరంపురానికి ఉత్తరాన, రుషికుల్య నది దగ్గర పురుషోత్తమపురం పక్కన ఉంది. అక్కడి బండ మీద క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. 1850లో సర్ వాల్టర్ ఇలియట్ వాటికి నకలు తీయించాడు. కళింగయుద్ధంలో ఎంతమంది చచ్చారో చెప్పే పదమూడో శాసనాన్ని ఇక్కడ చెక్కలేదు. దెబ్బతిన్నవాళ్ల ఇంటి ముందు ఆ లెక్క ఎందుకనుకున్నాడేమో. నాలుగో శాసనం మాత్రం ఉంది. అందులో రాజుగారు ప్రజలకు తాను చూపిస్తున్న దృశ్యాల సంగతి చెప్పాడు. విమానాలు, ఏనుగులు, అగ్నిరాశులు, ఇంకా ఎన్నో దివ్యరూపాలట. అంతకుముందు ఊళ్లో భేరి మోగితే యుద్ధమని అర్థం, ఇప్పుడు భేరి మోగితే ఈ దివ్యదర్శనాలని అర్థం అంటాడు. పండితులు అవి ఊరేగింపుల్లో చూపించిన బొమ్మలనీ, ఆకాశంలో కనబడిన వింతలనీ రకరకాలుగా వాదించుకున్నారు. ఆ బండకూ, ఠాకురాణి యాత్రలోని రథాలకూ నేరుగా సంబంధం ఉందని నేననను. మధ్యలో రెండువేల ఏళ్ల పైచిలుకు ఖాళీ ఉంది. కానీ జనాన్ని వీధిలోకి రప్పించి దేవతారూపాలు చూపించడమనే పని గురించి ఇంత పాత రాతమూలం ఇదే నేల మీద ఉందన్నది మాత్రం నిజం.

ఆ ఊరి జనానికి అశోకుడి కథ చాలా ఏళ్లపాటు తెలియదు. వాళ్లకు తెలిసింది వేరే కథ. జవు అంటే లక్క, గడ అంటే కోట. కోట గోడలు లక్కతో కట్టారట. శత్రువు ఎక్కబోతే కాలు జారిపోయేది. ఎన్నాళ్లు ముట్టడించినా లాభం లేకపోయింది. ఒకరోజు పాలమ్ముకునే ముసలమ్మ దగ్గర సిపాయిలు పాలు తాగి డబ్బులివ్వలేదు. ఆమెకు ఒళ్లు మండి, దిక్కులేని ముసలిదాన్ని దోచుకోవడానికి మొనగాళ్లే గానీ నిప్పు పెడితే కరిగిపోయే కోటను పట్టలేకపోయారే అని తిట్టింది. ఇంకేం, నిప్పు పెట్టారు. రాజు శాపంతో ఆ పాలమ్మి రాయైపోయింది. నాకు ఆ ముసలమ్మ మీద కోపం రాదు. పాలడబ్బులు అడిగిన పాపానికి రాయి అయినవాళ్లు మన కథల్లో ఇంకెవరూ లేరు.

ఇక ఈ ప్రసంగానికి పేరిచ్చిన నరసింహుడి దగ్గరికి వస్తాను. గంజాం జిల్లా పల్లెల్లో ప్రహ్లాద నాటకమని ఒకటి ఆడతారు. దానికి మూలం జలంతర సంస్థానం. ఇవాళ్టి లెక్కలో ఆ జలంతరకోట మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివరిభాగంలో అక్కడి రాజు రామకృష్ణ ఛోటరాయ దేవు పేరుమీద ఆ నాటకం వెలిసింది. ఒడియా నాటకమే కానీ రాగాలు, దరువులు, సూత్రధారుడి నడక చూస్తే మన భాగవతుల గాలి ఎంత సోకిందో తెలిసిపోతుంది. సరిహద్దు ఊళ్ల కళలన్నీ ఇంతే, ఏది ఎవరిదని అడిగితే ఇద్దరూ నాదే అంటారు, ఇద్దరూ నిజమే చెప్తారు.

ఊరి మధ్య మెట్లుమెట్లుగా చెక్కవేదిక కడతారు. పైమెట్టు మీద హిరణ్యకశిపుడు. కిరీటం, భుజకీర్తులు, మోకాళ్లదాకా గజ్జెలు. రాత్రంతా అతను ఆ మెట్లమీద ఎగురుతూ దిగుతూ పాడాలి, అరవాలి. పక్కన మర్దళం, ముఖవీణ, తాళాలు. చూసేవాళ్లకు తెలుసు, తెల్లవారుతుండగా ఏం జరగబోతోందో. వేషశాలలో కాదు, ఊళ్లో ఎక్కడో ఒక ఇంట్లోనో గుళ్లోనో నరసింహుడి ముఖం ఉంటుంది. చెక్కతో చేసిన ఆ ముఖానికి ఏడాది పొడవునా పూజ ఉంటుంది, నాటకం రోజునే కాదు. దాన్ని పెట్టుకునే మనిషి ఉపవాసం ఉంటాడు. స్తంభం పగిలే వేళకు ముఖం తగిలిస్తారు. తగిలించిన మరుక్షణం అతనికి పూనకం వస్తుంది. అందుకే ముందే నడుముకు తాడో, బలమైన గుడ్డో బిగించి, నలుగురు బలమైన మనుషులు దాన్ని పట్టుకుని ఉంటారు. నరసింహుడు హిరణ్యకశిపుడి మీదికి లంఘిస్తాడు, వాళ్లు వెనక్కి లాగుతారు. మళ్లీ లంఘిస్తాడు, మళ్లీ లాగుతారు. రాత్రంతా కేకలు పెట్టిన హిరణ్యకశిపుడు అప్పుడు నిజంగానే వేదిక దిగి తప్పుకుంటాడు.

తమిళనాడులో మెలట్టూరు భాగవతమేళా కూడా ఇలాగే. అక్కడ నాటకం తెలుగు, ఆడేవాళ్లు తంజావూరు జిల్లా బ్రాహ్మణులు, నరసింహుడి ముఖం గుళ్లో ఉంటుంది, వేషధారిని మనుషులు పట్టుకోవాల్సిందే. వెనకటికెప్పుడో ఎవరూ పట్టుకోకపోతే నరసింహుడు హిరణ్యకశిపుడి వేషధారిని నిజంగానే చీల్చేశాడన్న కథ నాటకాలాడే చాలా ఊళ్లలో వినిపిస్తుంది. ప్రతి ఊళ్లోనూ అది పక్క ఊళ్లో జరిగినట్టే చెప్తారు, ఆ మాట గమనించండి. జరిగిందా లేదా అన్నదాని కంటే ఆ కథ చేసే పని ముఖ్యం. తాడు పట్టుకున్న నలుగురికీ నిద్ర రాకుండా చేస్తుంది.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ తాడులో ఉంది. వింతను నమ్మే సమాజాలు రెండు రకాలు. దానికి తాడు కట్టి పట్టుకునేవి కొన్ని, తాడు వదిలేసేవి కొన్ని. గంజాంలో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

వదిలేసినప్పుడు పులి ఎలా ఉంటుందో చూడండి. గంజాం కొండల్లోని కొంధుల నమ్మకం ఒకటి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా అచ్చువేసిన దక్షిణభారత కులాలు, తెగల గ్రంథంలో ఉంది. కొందరు మనుషులు తమ ఆత్మలో సగాన్ని బయటికి పంపి పులిగానో పాముగానో మార్చగలరట. పగతీర్చుకోవడానికి, లేదా ఊరికే కడుపునిండా పశువుల మాంసం తినడానికి. ఆ సమయంలో ఇంట్లో ఉన్న మనిషి మందకొడిగా, ఏ పనీ మీద మనసు లేకుండా పడి ఉంటాడు. అడవిలో ఆ పులిని ఎవరైనా చంపితే ఇంట్లో మనిషి చచ్చిపోతాడు. ఒడియాలో ఇలాంటి మారుపులిని పల్టా బాఘ అంటారు. పులులు నిజంగా తిరిగిన రోజుల్లో, ఎవర్ని ఎప్పుడు ఎత్తుకుపోతుందో తెలియని రోజుల్లో, ఇలాంటి ఊహ పుట్టడం అర్థం చేసుకోవచ్చు. పులి చేసిన హత్యకు కారణం వెతికితే చివరికి ఒక మనిషి దొరుకుతాడు. అక్కడే భయం మొదలవుతుంది. పొరుగింట్లో ఒకడు జ్వరంతో నీరసంగా పడుకున్నాడు, అదే రాత్రి దూడను పులి తినింది. ఇంక చూడండి.

సవరల దారి వేరు. పర్లాకిమిడి వైపు కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్లకోసం బడులు పెట్టి, వాళ్ల పాటలూ కథలూ రాసుకున్నది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. ఆ కొండల్లో చలిజ్వరానికి వాడిన మందువల్ల ఆయనకు చెవుడు వచ్చిందని అందరికీ తెలిసిన సంగతే. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. సవరల నమ్మకంలో చచ్చిపోయినవాడు ఎలా చచ్చాడన్నదాన్ని బట్టి ఒక్కో సొనుంలోకి, అంటే ఒక్కో ఆత్మల గుంపులోకి పోతాడు. చిరుత చంపితే చిరుత సొనుం. ఆ చచ్చినవాడు మళ్లీ వచ్చి పూజారిణి నోట బంధువులతో మాట్లాడతాడు. ఫిర్యాదులు చేస్తాడు, అప్పులు గుర్తుచేస్తాడు, ఏడుస్తాడు. వీళ్లు జవాబు చెప్తారు, కోప్పడతారు, సారా పోస్తారు. వెరియర్ ఎల్విన్ 1955లో ఈ మతం మీద పెద్ద పుస్తకమే రాశాడు. అక్కడ చిరుతకు ఒక పూట ఉంది, మాట్లాడటానికి ఒక నోరు ఉంది. అరిచి ఏడ్చి వెళ్లిపోవడానికి దారి ఉంది. పల్టా బాఘకు అది లేదు.

చీకట్లో పొలాల మీద నీలంగా మిణుకుమని తేలిపోయే వెలుగును మనం కొరివిదెయ్యం అంటాం, వాళ్లు డాహాణి ఆలుఅ అంటారు. మంత్రగత్తె దీపమని అర్థం. చిత్తడి నేలల్లో కుళ్లిన పదార్థం వదిలే వాయువులే ఆ వెలుగుకి కారణమని బడిలో చెప్తారు. ఆ వివరణతో దీపం ఆరిపోతుంది గానీ, మంత్రగత్తె ఆరిపోదు. 2019లో ఇదే గంజాం జిల్లా ఖల్లికోట ప్రాంతంలో ఒక ఊళ్లో కొన్ని చావులు, జబ్బులు వరసగా వచ్చాయి. చేతబడి చేస్తున్నారని ఆరుగురు ముసలివాళ్లను జనం పట్టుకుని కొట్టారు, పళ్లు ఊడబీకారు, మలం తినిపించారు. పోలీసులు వచ్చి విడిపించి ఆసుపత్రికి చేర్చారు. మంత్రగత్తెలన్న ముద్రవేసి హింసించడాన్ని నేరంగా ప్రకటిస్తూ ఒడిశాలో 2013లోనే చట్టం వచ్చింది. చట్టం ఉండగానే ఇది జరిగింది. మనం వేలెత్తి చూపడానికి లేదు, తెలంగాణలో బాణామతి, మన కోస్తాలో చిల్లంగి పేరుతో ఇలాంటివే పేపర్లలో చదువుతూనే ఉన్నాం. పళ్లు ఊడబీకడం ఎందుకంటారా? నోట్లో పళ్లు లేకపోతే మంత్రం సరిగా పలకలేడని. ఆ తర్కంలోని చల్లదనం నన్ను భయపెట్టినంతగా ఏ దయ్యమూ భయపెట్టలేదు.

ఇలాంటి సందర్భంలో గుర్తుచేసుకోవడానికి ఒడియావాళ్లకు తమ సొంత కథ ఒకటి ఉంది, వాళ్లే దాన్ని మరిచిపోతుంటారేమో. పదిహేనో శతాబ్దంలో సారళా దాసు ఒడియాలో మహాభారతం రాశాడు. అందులో అర్జునుడికి అడవిలో ఒక జీవి ఎదురవుతుంది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక. కాళ్లు మూడే, ఒకటి ఏనుగుది, ఒకటి పులిది, ఒకటి గుర్రానిదో జింకదో. పేరు నవగుంజర. మన కవిత్రయ భారతంలో ఇది లేదు, వ్యాసుడి దగ్గరా లేదు. అర్జునుడు విల్లెత్తాడు. బాణం విడవబోతూ నాలుగో కాలు ఉండాల్సినచోట చూశాడు. అక్కడ పైకెత్తిన మనిషి చెయ్యి, అందులో తామరపువ్వు. విల్లు దించి మొక్కాడు. అది కృష్ణుడు. గంజాం వైపు చిత్రకారులు గుండ్రటి పేకముక్కల మీద ఈ బొమ్మ వేస్తారు. గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పూతలు పెట్టి, గట్టిపరిచి, గుండ్రంగా కత్తిరించి రంగులు వేస్తారు. గంజపా అంటారు ఆ ఆటను. ఒకరకం కట్టలో నవగుంజర రాజు, అర్జునుడు మంత్రి. తొమ్మిది ప్రాణుల అతుకుబొమ్మ కింద విలుకాడు కొలువు చేస్తాడు.

జంతువుల మాట వచ్చింది కాబట్టి భేట్నోయి సంగతి. ఆస్కా దాటాక బుగుడా వైపు పొలాల్లో కృష్ణజింకలు మందలు మందలుగా తిరుగుతాయి. కంచె లేదు, అభయారణ్యం బోర్డు లేదు. రైతుల పంటచేలే వాటి ఇల్లు. ఎప్పుడో నూరేళ్లకు ముందు పెద్ద కరువు వచ్చిందట, ఈ జింకలు ఊళ్లోకి వచ్చిన ఏడు వాన పడిందట. అప్పటి నుంచి వాటిని వేటాడరు, వేటాడనివ్వరు. పైరు మేసినా అదిలించి ఊరుకుంటారు. జిల్లాలో 2011 లెక్కకు రెండువేల పైచిలుకు ఉన్న జింకలు 2021 లెక్కకు ఏడువేలు దాటాయి. జింకలు వాన తెచ్చాయా అంటే తేలేదనే నేనంటాను. వాన వచ్చే ముందు పచ్చిక కోసం జంతువులు కదలడం మామూలే. కానీ ఆ నమ్మకం చేసిన పని అటవీశాఖ తుపాకులు చేయగలిగేవి కావు. పక్కనే పాకిడి కొండల దగ్గర నెమళ్లకూ ఇలాంటి రక్షణే ఉంది. జవుగడ బండ మీద మొదటి శాసనంలో అశోకుడు తన వంటశాలలో ఇప్పటికీ రోజుకు రెండు నెమళ్లు, ఒక జింక కోస్తున్నారనీ, ఇకమీదట అదీ మానేస్తామనీ రాయించాడు. ఏ జంతువులు చెప్పాడో చూడండి, నెమలి, జింక. ఈ పోలిక కాకతాళీయమే కావచ్చు. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

తప్తపాణి గురించి రెండు మాటలే. బరంపురం నుంచి పడమటి కొండల్లో గంధకం వాసనతో ఉడుకునీళ్ల బుగ్గ. పక్కన కంధుణీ దేవి. పిల్లలు లేని ఆడవాళ్లు ఆ గుండం బురదలో చేయి పెట్టి రాలిన కాయల కోసం తడుముతారు, దొరికితే సంతానమని. భూమి లోతుల్లోకి ఇంకిన నీరు వేడెక్కి పైకి రావడమే ఆ ఉడుకుకు కారణం. ఇప్పుడు అక్కడ పర్యాటకశాఖ అతిథిగృహం ఉంది, గదిలోకే వేడినీళ్లు వస్తాయి.

నీళ్ల వైపు వెళ్దాం. గంజాం జిల్లా ఉత్తరాన చిలికాను తాకుతుంది. చిలికా మధ్య ఒక చిన్న దీవి మీద కాళీజాయి గుడి. జాయి అనే పిల్లను తండ్రి పడవలో అత్తారింటికి తీసుకెళ్తుంటే గాలివాన వచ్చి పడవ తిరగబడింది. అందరూ దొరికారు, పిల్ల దొరకలేదు. ఆ తర్వాత అటువైపు పోయే పడవవాళ్లకు ఆమె గొంతు వినిపించేదట. మకర సంక్రాంతికి అక్కడ జాతర. చిలికాలో గాలి ఎలా తిరగబడుతుందో ఒకసారి చూసినవాళ్లు ఈ కథను కొట్టిపారేయరు.

ఇంకా కిందికొస్తే గోపాలపురం. ఆ తీరంలో వేట చేసే నోలియాల్లో చాలామంది తెలుగువాళ్లు, వాడబలిజలు. వాళ్ల సముద్రతీరపు చిన్న గుడిసెగుళ్లలో ఉన్న దేవతల గురించి థర్‌స్టన్ రాశాడు. అమ్మవార్ల మధ్య ఒక విచిత్రమైన దేవుడున్నాడు. పేరు బెంగాలీ బాబు. టోపీ పెట్టుకుని నల్లగుర్రం మీద వస్తాడు. వలనిండా చేపలు ఇస్తాడు, సముద్రం మీద ప్రమాదం రాకుండా కాపాడతాడు. ఎవరీయన? ఒకప్పుడు గోపాలపురం రేవు నుంచి రంగూనుకు ఓడలు పోయేవి, కూలీలు పోయేవారు. చేతిలో చిట్టాపుస్తకంతో, టోపీతో, ఓడ ఎక్కాలో వద్దో చెప్పే గుమాస్తా ఎవరో అప్పట్లో వీళ్లకు అంత పెద్దగా కనిపించి ఉంటాడని నా ఊహ. ఊహ మాత్రమే. తెలుగు జాలరి, ఒడియా నేల, బెంగాలీ దేవుడు, ఇంగ్లీషు టోపీ. రాక్షసుల కంటే, బేతాళుల కంటే నాకు ఈయన పెద్ద వింత.

రుషికుల్య సముద్రంలో కలిసేచోట, పొడంపేట, గోఖరకుదా ఊళ్ల ముందు ఇసుకలో, చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒక్కసారిగా వస్తాయి. ఊరివాళ్లకు ఎప్పటి నుంచో తెలిసిన ఈ సంగతి శాస్త్రజ్ఞుల పుస్తకంలోకి ఎక్కింది 1994లో. 2023లో ఆరు లక్షలకు పైగా వచ్చాయని లెక్క. పుట్టిన తీరానికే ఎలా తిరిగొస్తాయన్నదానికి భూమి అయస్కాంతశక్తిని గుర్తుపెట్టుకుంటాయన్న సిద్ధాంతం బలంగా ఉంది. ఒకేసారి అన్నీ కలిసి రావాలని ఎలా నిర్ణయించుకుంటాయో మాత్రం ఎవరూ తేల్చలేదు. గాలి మళ్లడం, చంద్రుడు, తీరం కోత, ఎన్నో చెప్తారు. కొన్ని ఏళ్లు మూకుమ్మడిగా అసలు రావు. ఆ ఏడు ఎందుకు రాలేదో శాస్త్రజ్ఞులు తమ కారణాలు రాసుకుంటారు, జాలర్లు తమ కారణాలు చెప్పుకుంటారు. విష్ణువు కూర్మావతారం కాబట్టి వలలో పడిన తాబేలుకు దండం పెట్టి వదిలే అలవాటు వాళ్లలో ముందునుంచీ ఉంది.

ఇప్పుడు తాబేళ్లకు ప్రభుత్వం కట్టిన తాడు ఉంది. నవంబరు 1 నుంచి మే 31 దాకా, నదీముఖం చుట్టూ తీరం నుంచి ఇరవై కిలోమీటర్లలోపు వేట నిషేధం. తాబేలుకు మేలే. కానీ ఏడు నెలలపాటు పడవ ఇసుక మీద ఉంటే ఆ ఇంట్లో ఏం వండుకోవాలన్న ప్రశ్న ఏటా వస్తుంది. ఠాకురాణి పులి వేషానికి మొక్కుకున్నవాడే ఖర్చు పెట్టుకుంటాడు. నరసింహుడి తాడును ఊరు నలుగురి చేతా పట్టిస్తుంది. తాబేలు తాడును మాత్రం పొడంపేట జాలరి ఒక్కడే పట్టుకుని ఉన్నాడు. నష్టపరిహారం చాలదని వాళ్లు చెప్తున్నారు, వలస పోతున్నారు. చేపలిచ్చే బెంగాలీ బాబు చేతిలో లేని వ్యవహారం ఇది. కలెక్టరు కచేరీలో అర్జీ పెట్టుకోవాల్సిందే.